అప్‌డేట్: మా పాప రాత్రి దురదకి కారణం దొరికింది

మలపరీక్షలో ఏమీ లేదని వచ్చినా మా ఆరేళ్ల పాపకి రాత్రిళ్లు మలద్వారం దగ్గర దురద ఎందుకు తగ్గట్లేదని పోయిన నెల అడిగాను కదా. నులిపురుగులే, పిన్‌వార్మ్ రకం. ఆడ పురుగు రాత్రిపూట బయటికొచ్చి చర్మం మీద గుడ్లు పెడుతుందట, అందుకే అవి మలంలో చాలాసార్లు దొరకవు. డాక్టరు గారు చెప్పినట్టు పొద్దున పాప లేవగానే, కడగకముందే, సెల్లోటేపు అక్కడ అద్ది, స్లైడుకి అంటించి ల్యాబ్‌లో ఇచ్చాం. మొదటి రోజు ఏమీ కనబడలేదు, నాకు మళ్లీ టెన్షన్. వరసగా 3 రోజులు చేయమన్నారు కాబట్టి ఆపలేదు. రెండో రోజు స్లైడులో గుడ్లు కనిపించాయి!

ఇంట్లో అందరికీ ఆల్బెండజోల్ 400 మి.గ్రా. రాశారు, 2 వారాలకి ఇంకో డోసు. నిన్నే అదీ వేసుకున్నాం. పాప ఇప్పుడు రాత్రంతా హాయిగా పడుకుంటోంది. ఒక్క రిపోర్టు చూసి వదిలేయొద్దన్న అక్కకి చాలా థాంక్స్.