జపాన్ వస్తున్నాను, ఎన్ని మాటలు వస్తే సరిపోతుంది?

కొత్త సభ్యుడు, విజయవాడ:
అందరికీ నమస్కారం. వచ్చే నెల ఉద్యోగానికి టోక్యో వస్తున్నాను. నిషి కసాయిలో ఇల్లు చూస్తున్నా. ఆనిమే (జపాన్ కార్టూన్లు) చూసి సరదాగా ఓ నలభై మాటలు పట్టాను: నాని, ఒరె, ఒమాయె లాంటివి. ఇంకో యాభై నేర్చుకుంటే పని జరుగుతుందా? నేను శాకాహారిని.

నిషి కసాయి, పదకొండేళ్లుగా ఇక్కడే:
తమ్ముడూ, ఒరె, ఒమాయె రెండూ విమానం ఎక్కకముందే మర్చిపో. ‘ఒరె’ మన ఒరేయ్ కాదు, ‘నేను’ అని. మగవాళ్లు స్నేహితుల దగ్గర అనుకునే మాట. ఆఫీసులో ‘వతాషి’ అను. ‘ఒమాయె’ అంటే ‘నువ్వు’, కానీ మేనేజర్ని అన్నావంటే ‘ఏరా’ అన్నట్టే. పేరు చివర ‘సాన్’ పెట్టి పిలిస్తే గొడవ లేదు. ‘నాని’ అంటే ‘ఏంటి’. మావాడి ముద్దుపేరు అదే. పార్కులో గట్టిగా పిలిస్తే పక్కపిల్లలంతా నావైపే చూసేవాళ్లు.
ఇక నీ తిండి. ‘నికు నషి’ అంటే మాంసం లేకుండా. అంతమాత్రాన చేప లేదని కాదు. సూప్‌లో, నూడుల్స్‌లో ‘దషి’ ఉంటుంది, ఎక్కువగా ఎండుచేప రసమే. ‘సకన నషి, దషి మో నషి’ అని కూడా అడుగు.

కవసాకి అక్క:
మాటలు సరే, వాళ్లు ‘కాదు’ ఎలా అంటారో ముందు నేర్చుకో. మేం ఇల్లు ఖాళీ చేసిన రోజు ఏజెంటు వచ్చి గోడలన్నీ చూశాడు. ‘షికికిన్ వెనక్కి వస్తుందా’ అని అడిగాను. అదే అడ్వాన్సు. పళ్ల మధ్య నుంచి స్స్ అని గాలి పీల్చి, నవ్వుతూ ‘చొత్తో ముజుకషీ దెసు నె’ అన్నాడు. నాకొచ్చిన జపనీస్‌లో దానర్థం ‘కొంచెం కష్టమండి’. అంటే ప్రయత్నిస్తున్నాడనుకుని మూడు నెలలు ఎదురుచూశాను. చివరికొచ్చిన కాగితంలో వాల్‌పేపర్ మార్చినందుకు, కాంకిసెన్ కడిగినందుకు అని మొత్తం పట్టేసుకున్నారు. కాంకిసెన్ అంటే పొయ్యి మీద ఫ్యాను. వాడుకలో మామూలుగా పాతబడితే మన బాధ్యత కాదని 2020 ఏప్రిల్ నుంచి చట్టంలోనే రాశారు. దిగిన రోజే ప్రతి గోడా ఫోటో తీసుకో.

యొకొహామా:
అక్కా, చట్టం నిజమే. కానీ తుడవకుండా వదిలేసిన నూనె జిడ్డు ‘మామూలు’ కింద రాదు. మన పోపులకి మనమే కట్టుకోవాలి.

కవసాకి అక్క:
మా ఇంట్లో పోపు పెట్టే ముందు కిటికీ తీస్తాం, మీ ఇంట్లో సంగతి నాకు తెలీదు.

నిషి కసాయి, పదకొండేళ్లుగా ఇక్కడే:
చిరునామా మర్చిపోయాం. జపాన్‌లో దిగిన పద్నాలుగు రోజుల్లో కుయకుషోకి, అదే వార్డు ఆఫీసుకి, వెళ్లి రాయించాలి.

యొకొహామా:
దిగినప్పటి నుంచి కాదన్నా, ఇంట్లో చేరినప్పటి నుంచి. హోటల్ రోజులు లెక్కలోకి రావు.
తమ్ముడూ, కటకానా ముందు నేర్చుకో, బయటి భాషల మాటలు రాసే లిపి. సగం మెనూ ఇంగ్లీషే. కాకపోతే ‘మన్షోన్’ అంటే బంగళా అనుకునేవు, మామూలు అపార్ట్‌మెంటే.

నిషి కసాయి, పదకొండేళ్లుగా ఇక్కడే:
జపనీస్ మాటలు రాసే లిపి హిరగానా. అది రాకుండా కటకానా ఏంటి? 46 అక్షరాలు, వారం పని. మనకి హ్రస్వాలు, దీర్ఘాలు తెలుసు కాబట్టి చెవికి తొందరగా పట్టుబడుతుంది. ‘బిరు’ బిల్డింగ్, ‘బీరు’ మనకి తెలిసిన బీరే. ‘ఒబసాన్’ పిన్నిగారు, ‘ఒబాసాన్’ బామ్మగారు. దీర్ఘం జారిందా, ఇంటి ఓనరమ్మ మొహం చూడాలి.

యొకొహామా:
ఓనరమ్మని ‘ఓయసాన్’ అనాలన్నా. ఒబసాన్ అన్నా ఊరుకోదు.

కొత్త సభ్యుడు:
చాలా థాంక్స్ అండీ. అద్దె కొంచెం తగ్గించమని ఏజెంటుకి రాశాను. ‘కెంతో షిమసు’ అని జవాబొచ్చింది. ఆలోచిస్తామని అర్థమట. ఎన్ని రోజులు ఆగాలి?

కవసాకి అక్క:
ఇంకో ఇల్లు చూసుకో నాన్నా.