ఆరేళ్ల బీపీ మిషన్: పారేయాలా, పట్టీ మారిస్తే చాలా?

ప్రశ్న (కర్నూలు)

మా నాయనకు డెబ్బై ఒకటో ఏడు. ఆయన కోసం 2019లో మందుల అంగడిలో, దండకు కట్టే రకం బీపీ మిషన్ ఒకటి కొన్నాము. ఇన్నేళ్లూ ఇబ్బంది పెట్టని ఆ మిషన్, ఈ వేసవి నుంచి ఒక్కోసారి గాలి ఎక్కించుకుంటూనే ఉండి చివరకు ఎర్రర్ చూపుతోంది. మరోసారి పై అంకె 168 అని చూపి, రెండు నిమిషాలకు అదే చేతికి 139 అంటోంది. ఇటువంటివి ఐదేళ్లకు మించి రావని, కొత్తది తీసుకోమని అంగడి అతను అంటున్నాడు. మిషన్‌కు నిజంగానే కాలం చెల్లిందా, తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (అనంతపురం)

నేను వైద్య పరికరాల మరమ్మతు చేస్తాను. మీరు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం ముందుగా పట్టీ మీదనే. రోజుకు రెండుసార్లు చూసుకున్నా ఏడాదికి 730 సార్లు ఉబ్బి అణగేది దానిలోని తిత్తి కనుక, మిషన్ కంటే ముందు సాధారణంగా అదే అరుగుతుంది. గొట్టాన్ని మిషన్‌కు బిగించి చుట్టి డబ్బాలో పెట్టే అలవాటున్న ఇళ్లలో (చాలా ఇళ్లలో ఉంటుంది) అది మడతపడిన చోటే చీలుతుంది. గాలి పీడనం మారేటప్పుడు పట్టీలో తెలిసే నాడి అదురును బట్టి మిషన్ లెక్క కడుతుంది. గాలి కారిపోతుంటే ఆ లెక్క నిలవదు.

గొట్టాన్ని వెలుతురులో వేళ్లతో వంచి చూడండి. సెల్లులు కూడా కొత్తవి వేయండి. మీ మోడల్‌కు సరిపోయే విడి పట్టీ దొరికితే, నాయనగారి దండ చుట్టుకొలత టేపుతో కొలిచి మరీ తీసుకోండి. చేతికి చిన్నదైన పట్టీ బీపీని ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది.

సమాధానం (కడప)

నర్సుగా ఒక మాట కలుపుతాను. 168, 139ల తేడా అంతా మిషన్‌దే కాకపోవచ్చు. మొదటిసారి చూసినప్పుడు ఎక్కువ రావడం మామూలే. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, మాట్లాడకుండా కూర్చున్నాక, నిమిషం ఎడంతో రెండుసార్లు చూడండి. చాలా మిషన్లు 40 డిగ్రీల వేడి వరకే సరిగా పనిచేసేలా తయారవుతాయి. మన మే నెల మధ్యాహ్నాలు మీకు తెలియనివి కావు, కాబట్టి ఉదయం చల్లని వేళ చూడడం మేలు.

పట్టీ మార్చాక మిషన్‌ను డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్లి, వారి పరికరంతో పోల్చి చూపించండి. తేడా 5 లోపు ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. మళ్లీ మళ్లీ చూసినా 10 దాటుతుంటే కొత్తది కొనవలసిందే. అంతవరకు ఈ అంకెలను నమ్మి మాత్రలు మార్చవద్దు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పట్టీలోకి గొట్టం దూరే చోట వెంట్రుకంత చీలిక నిజంగానే కనిపించింది. పట్టీ తెప్పిస్తున్నాము, సోమవారం నాయనతో పాటు మిషన్‌ను కూడా డాక్టరు గారికి చూపిస్తాము.