వైజాగ్ టూర్‌లో మా మేనల్లుడు ఏడు గంటలు కనబడలేదు: మీకు ఇట్లాంటి అనుభవం ఉంటే చెప్పండి

కాజీపేట_మామ:
పోయిన దసరా సెలవుల ముచ్చట. మా అక్క కొడుక్కు పదహారేండ్లు. ఆటిజం ఉంది, ఫిట్స్‌కు రోజూ రెండు పూటలు మాత్రలు పడతయ్. చూస్తే నాకన్న పొడుగు, మీసం గూడ వచ్చింది. కొత్తోళ్లు పలకరిస్తే మాత్రం నోరు విప్పడు.

పదకొండు మందిమి రైలుకు వచ్చినం. రెండో రోజు సాయంత్రం ఆర్కే బీచ్ కాడ కురుసుర సబ్‌మెరైన్ చూసినం. లోపల దారి ఇరుకు, ఒకరెనక ఒకరు వంగి దాటాలె. సగం మంది ముందు బయటపడ్డరు, సగం ఎనక. ఆడోళ్లు పోయి ఇసుకల కూసున్నరు, మేము మొక్కజొన్న పొత్తుల బండి కాడ ఆగినం. వాడు నా దగ్గర ఉన్నడని అక్క అనుకుంది. బావ దగ్గర ఉన్నడని నేననుకున్న. బావ ఎవరి దగ్గర ఉన్నడనుకున్నడో నేనింక అడగలె.

మా దిక్కుకన్న అక్కడ పావుగంట ముందే పొద్దు గూకుతది. చూస్తుండంగనే చీకటైంది. అందరం పేరు పెట్టి అరుసుకుంట ఉరికినం. గట్టిగ అరిస్తే వాడు చెవులు మూసుకొని ఇంకో దిక్కు పోతడు. ఇంట్ల అందరికీ తెలుసు ఆ సంగతి. అయినా అరిచినం.

ఏం బట్టలు అని అడిగితే అక్క నీలం టీషర్టు అన్నది. పొద్దున తొడిగింది అదే. రుషికొండల తడిస్తే మధ్యాహ్నం మా తమ్ముని కొడుకు పసుపు చొక్కా ఏసినం, అది ఎవరికీ యాదికి రాలె. వాట్సాప్‌ల నీలం టీషర్టు అనే పెట్టినం. గంటన్నర తర్వాత పిల్లలు సబ్‌మెరైన్ ముందట దిగిన ఫొటో చూపిస్తే అందరి మొఖాలు మాడిపోయినయ్. మళ్ల కొత్తది పెట్టినం గని పాతది అప్పటికే ఊరంత తిరిగింది.

మొదలు పోయిన ఒక పోలీస్ స్టేషన్‌ల "పెద్ద పిల్లగాడే కదా, దోస్తులతో పోయి ఉంటాడు, పొద్దుటిదాకా చూడండి" అన్నరు. కొత్త ఊళ్లె వానికి దోస్తులెక్కడికెల్లి వస్తరు? బయటికొచ్చి 112కు చేసినం. తర్వాత వచ్చిన వాళ్లల్ల ఒక లేడీ కానిస్టేబుల్ ఉన్నది. ఆమె అక్క పక్కకు కూసొని ఒక్కటే అడిగింది: "మీ ఊళ్లో తప్పిపోతే మొదట ఎక్కడికెళ్లి చూస్తారమ్మా?" అక్క ఆలోచన గూడ చెయ్యలె, "స్టేషన్‌ల" అన్నది. కాజీపేటల మా ఇంటి ఎనకనే జంక్షన్. వానికి అనౌన్స్‌మెంట్లంటే పాణం. మూడు రాష్ట్రాల రైలు నంబర్లు అప్పజెప్తడు.

రాత్రి 12:40కి వైజాగ్ రైల్వే స్టేషన్ ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్ల దగ్గరికెల్లి ఫోన్ వచ్చింది. ప్లాట్‌ఫాం మీద స్పీకర్ కింద నిలబడి ఉన్నడట. మేం పోయేసరికి బల్ల మీద కూసొని పార్లేజీ తింటున్నడు. ఒక కాలుకు చెప్పు లేదు, మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ. పెదాలు కదులుతనే ఉన్నయ్, "దయచేసి వినండి, దయచేసి వినండి" అనుకుంట. బీచ్ నుంచి అంత దూరం ఎట్ల పోయిండో ఇప్పటికీ తెల్వదు. వాడు చెప్పడు.

మేం చేసిన తప్పులు నాకెరికే. మీకు ఎట్లాంటివి జరిగినయ్, ఏం పనికొచ్చిందో చెప్పుండ్రి. మళ్లా ఎండకాలం వైజాగే పోదామంటున్నడు వాడు.

పెదజాలరిపేట_కుర్రోడు:
అన్నా, గుంటడు దొరికీసినాడు, అదే పదివేలు. మాది బీచ్ పక్కనే, ఇలాటివి ఏడాదికి నాలుగైదు చూస్తాం. ఏటంటే, మనిషి కనపడకపోతే వచ్చినోళ్లంతా ఒక్కసారే నీళ్లకేసి పరిగెడతారు. కంగార్లో వెతికేవోడే మునిగిపోతాడు. ఇద్దరే నీటి అంచున ఉండాలి, ఒకడు ఇటు ఒకడు అటు నడవాలి. మిగతావోళ్లు రోడ్డు మీదకి వెళ్లాలి.

ఇంకోటి. మా ఆర్కే బీచ్‌లో కెరటం విరగకుండా నున్నగా, నెమ్మదిగా కనిపించే జాగా ఉంటాది. కొత్తోళ్లు అక్కడ బాగుంది కదాని దిగుతారు. లోపలికి లాగీసేది అక్కడే. లాగితే ఒడ్డుకేసి ఈదకూడదు, పక్కకి ఈదాలి, లాగుడు తగ్గాక ఒడ్డుకి తిరగాలి. నీళ్లంటే ఇష్టమున్న పిల్లలైతే ఆ జాగా దగ్గర ముందు చూడండి.

చీకటి పడ్డాక ఒడ్డునున్న బోట్ల నీడన, వలల పోగుల వెనకాల కూడా టార్చి వెయ్యండి. మూడేళ్ల కిందట ఒక పాపని మా నాన్నే చూసినాడు, వల మీద పడుకుని నిద్రోతోంది. అప్పటికి ఆళ్లమ్మ నీట్లో నడుములోతు దిగిపోయింది.

వేపగుంట_అమ్మ:
నాది వేరే రకం బాధ. మా అమ్మాయికి పధ్నాలుగు, బుద్ధిమాంద్యం. పారిపోదు, ఎవరు పిలిచినా వెళ్లిపోతుంది. అదే భయం.

రెండేళ్ల క్రితం చందనోత్సవానికి సింహాచలం వెళ్లాం. ఆ రోజు కొండ మీద జనం ఎలా ఉంటారో తెలిసిందే, ఫోన్లు కలవవు. క్యూలో వెనకనుంచి తోసేసరికి చెయ్యి జారింది. దాని ముంజేతి మీద పెన్నుతో నా నంబరు రాశాను ముందే. చెమటకి చెరిగిపోయి మూడంకెలు మిగిలాయి.

ఎవరో మంచావిడ మైకు దగ్గరికి తీసుకెళ్లింది. పేరేంటమ్మా అంటే బళ్లో పక్కన కూర్చునే పిల్ల పేరు చెప్పింది. ఆ పేరుతోనే అనౌన్స్ చేశారు. నేను విన్నాను కూడా, పాపం ఎవరి పిల్లో అనుకున్నాను! నలభై నిమిషాలు అక్కడే పది గజాల దూరంలో తిరిగాను.

ఇంకా చెప్పాలి. దాన్ని ఏం అడిగినా "ఆఁ" అంటుంది. నన్ను చూపించి "ఈమె మీ అమ్మేనా" అని అడిగితే "ఆఁ" అంది, వాళ్లు అప్పగించేశారు. ఇంటికొచ్చాక ఒళ్లు జలదరించింది. నా వెనక నిలబడ్డ ఆవిడని చూపించినా అదే చెప్పేది. అలాంటి పిల్లలు ఎవరికైనా దొరికితే దయచేసి అవును కాదు ప్రశ్నలు వేయకండి. ఫోన్లో ఫొటో చూపించమని అడగండి, ఆధార్ అడగండి, మాలాంటి అమ్మలం ఏమీ అనుకోం.

ఇప్పుడు రెండు ఫోన్ నంబర్లూ గుడ్డముక్క మీద కుట్టించి లోపలి బనియన్‌కి వేశాను. పేరు కుట్టించలేదు. పేరు బయటికి కనబడితే ఎవడైనా పేరుపెట్టి పిలుస్తాడు, ఇది వెళ్లిపోతుంది.

నిజం_మాట్లాడతా:
ఇదంతా సరే. అలాంటి పిల్లాణ్ణి జనంలోకి ఎందుకు తీసుకెళ్లడం? చూసుకోలేనప్పుడు ఇంట్లో ఉంచాలి.

పాఠం_టీచరమ్మ:
పై మనిషికి: ఇంట్లో ఉంచితే ఇంట్లోంచే వెళ్తారండి. 2012లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో అమెరికా కుటుంబాల సర్వే వచ్చింది. ఆటిజం ఉన్న పిల్లల్లో 49 శాతం మంది నాలుగేళ్ల వయసు దాటాక కనీసం ఒక్కసారైనా పెద్దల కన్నుగప్పి వెళ్లిపోయే ప్రయత్నం చేశారు. ఇల్లు, బడి, దుకాణం, ఎక్కడైనా సరే. తలుపుకి మూడు గొళ్లేలు పెట్టుకుని, రాత్రి గుమ్మానికి అడ్డంగా పడుకునే తల్లులు నాకు తెలుసు. వాళ్లని మీరు అడగాల్సిన ప్రశ్న కాదు ఇది.

మేనమామ గారూ, ఆ కానిస్టేబుల్ అడిగిన ప్రశ్నని నేను మా పిల్లల తల్లిదండ్రులందరికీ రాయించి పెడతాను. చాలాసార్లు వాళ్లు 'తప్పిపోరు'. ఒక వస్తువు కోసమో, చప్పుడు కోసమో వెళ్తారు. లేదా ఒక చప్పుడు భరించలేక దూరం జరుగుతారు. మా బళ్లో ఒక బాబుకి లిఫ్టులంటే ఇష్టం. ఒకసారి జగదాంబ దగ్గర కనబడకపోతే వాళ్లమ్మ రోడ్డు వెతకలేదు, వరసగా లిఫ్టున్న షాపులు చూసింది. మూడో దాంట్లో ఉన్నాడు, బటన్లు నొక్కుతూ.

ఎదురుపడినప్పుడు కూడా ఎగబడి పట్టుకోవద్దు. గుంపుగా చుట్టుముడితే రోడ్డుకి అడ్డంగా పరిగెత్తేస్తారు. ఒక్కరే, వీలైతే పక్కనుంచి వెళ్లి, వాడికి ఇష్టమైన విషయం ఎత్తుకోవాలి. మీ వాడికైతే ఏదో రైలు నంబరు తప్పు చెప్తే చాలేమో, సరిదిద్దడానికైనా ఆగుతాడు.

కాజీపేట_మామ:
టీచరమ్మా, నవ్వొచ్చింది గని నిజమే. ఆర్పీఎఫ్ ఆయన గూడ అదే చేసిండట. గోదావరి ఎక్స్‌ప్రెస్ నంబరెంత అని అడిగితే 12727 అని చెప్పి, ఆయన పక్కకు కూసున్నడట.

ఖాకీ_బాబాయ్:
డిపార్ట్‌మెంట్‌లో ముప్పై ఏళ్లు చేశాను, అందుకని కొంచెం చెబుతాను. 24 గంటలు ఆగాలి అన్న రూలు ఎక్కడా లేదు. అన్నవాళ్లది తప్పు. పద్దెనిమిది లోపు పిల్లలు కనబడకపోతే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013 మే 10న సుప్రీంకోర్టు చెప్పింది, కిడ్నాప్ అయి ఉండొచ్చనే లెక్కలోనే దర్యాప్తు మొదలుపెట్టాలంది. మా పరిధి కాదు అని తిప్పడానికీ లేదు. జీరో ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా కడతారు, సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 173వ సెక్షన్ చూపించండి. నంబర్లు: 112, పిల్లలకి 1098, రైళ్లలో గానీ స్టేషన్లలో గానీ అయితే 139.

చెప్పేటప్పుడు మొదటి వాక్యంలోనే జబ్బు సంగతి చెప్పాలి. "అబ్బాయి కనబడటం లేదు, పదహారేళ్లు" అంటే అవతలివాడికి సినిమాకెళ్లిన కుర్రాడు కనిపిస్తాడు. "మాట్లాడలేడు, రాత్రి ఎనిమిదింటి మాత్ర పడకపోతే ఫిట్స్ వస్తాయి" అంటే కుర్చీలోంచి లేస్తాడు. పద్దెనిమిది దాటిన వాళ్లకైతే ఇది మరీ ముఖ్యం, వికలాంగుల సర్టిఫికెట్ గానీ యూడీఐడీ కార్డు (వికలాంగులకిచ్చే గుర్తింపు కార్డు) గానీ ఫోన్‌లో ఉంచుకోండి.

పిల్లలు మాకు దొరికితే 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టాలి. దొరికాడు అని తెలిశాక కూడా వెంటనే చేతికివ్వరని చాలామంది గొడవపడతారు. పై అమ్మగారు చెప్పిందే కారణం. ఆధార్, పాత ఫొటోలు పట్టుకుని రండి.

ఆధార్ అంటే గుర్తొచ్చింది. పేరు చెప్పలేని పిల్లలు వేలిముద్రలతో ఇంటికి చేరిన సందర్భాలు ఉన్నాయి. పదిహేనేళ్లు నిండాక వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి, చాలామంది ఇవ్వరు.

మద్దిలపాలెం_ఆటో:
బాబూ, హోటల్ నుంచి మిమ్మల్ని తిప్పిన ఆటోవోడి నంబరు ఉంచుకోండి. ఒక్కడికి చెప్తే స్టాండ్ స్టాండ్‌కీ గ్రూపుల్లో వెళ్లిపోద్ది. కాకపోతే ఫొటో ఒక్కటే, మొహం కనపడీలాగ. మొన్నొకరు పెళ్లి ఫొటో పెట్టినారు, పాతిక మందిలో ఎవుడని చూడాలి?

రెండోమాత్ర:
మా వాడికీ ఫిట్స్. మీరు మాత్రల సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు, ఆ రాత్రి ఏం చేశారు?

కాజీపేట_మామ:
నాలుగున్నర గంటలు లేటయ్యింది. డబ్బా అక్క బ్యాగుల, బ్యాగు హోటల్ల. స్టేషన్ నుంచే మా డాక్టర్‌కు ఫోన్ చేస్తే ఇప్పుడు వెయ్యాల్సిన మాత్ర వెయ్యండి, రెండు కలిపి వెయ్యకండి, రాత్రి ఒకరు మేలుకొని ఉండండి అన్నడు. అందరికీ అదే లెక్క కాదు, మీ డాక్టర్ను ముందే అడిగి రాసుకోండ్రి. బావ తెల్లారేదాక వాని మంచం పక్కన కుర్చీల కూసున్నడు. ఇప్పుడు మాత్రలు మూడు సంచుల్ల ఉంటయ్, ఒక పట్టీ నా పర్సుల.

సీతమ్మధార_శ్రీ:
ట్రాకర్ల గురించి ఎవరూ రాయలేదు. ఎయిర్‌ట్యాగ్ లాంటివి చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ఐఫోన్ ఉంటేనే చోటు చూపిస్తాయి. బీచ్ రోడ్డులో పర్లేదు, అరకు వెళ్తే దాన్ని నమ్ముకోకండి. సిమ్ వేసే జీపీఎస్ వాచీ మేలు, కానీ సిగ్నల్ లేని ఘాట్లో అదీ మూగదే. మా అబ్బాయి వాచీ మూడుసార్లు పీకి పారేశాడు, నాలుగోసారి సముద్రంలో వేశాడు. చివరికి బెల్టు లోపలివైపు జేబు కుట్టించాం. ఛార్జింగ్ పెట్టడం మర్చిపోతే మాత్రం ఉత్త బరువే.

వేపగుంట_అమ్మ:
శ్రీ గారూ, బెల్టు ఎవరు కుట్టారు? అమ్మాయిలకి లంగాకి కుడతారా?

సీతమ్మధార_శ్రీ:
మామూలు టైలరేనండి. లంగా నాడా పట్టీలో పెట్టొచ్చు, ఉతికేటప్పుడు తియ్యడం గుర్తుండాలి. మేం ఒకటి ఉతికేశాం.

అక్కయ్యపాలెం_వాసి:
మేనమామ గారూ, మీ పాత ఫార్వర్డ్ నిన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మళ్లీ వచ్చింది. నీలం టీషర్టుదే. తేదీ లేదు, దొరికాడో లేదో లేదు. మా ఆవిడ కింద ఉన్న నంబరుకి ఫోన్ చేసింది, ఎవరో మగాయన ఎత్తి "దొరికిండమ్మా" అన్నారట. మీరేనా?

కాజీపేట_మామ:
నేనే. ఫార్వర్డ్ పెట్టేటప్పుడు తారీకు, టైము రాసి ఉంటే బాగుండు. మొదటి వారం ఇద్దరు ఫోన్ జేసి పిల్లగాడు మా దగ్గరున్నడు, పైసలు పంపుమన్నరు. పిల్లగాడేమో నా పక్కకే కూసొని అన్నం తింటున్నడు. నంబరు మార్చుమని ఇంట్ల అంటరు గని, నిజంగ బాధపడి చేసేటోళ్లే ఎక్కువ. నిన్న మీ ఇంటావిడ, ఇయ్యాల పొద్దున శ్రీకాకుళం నుంచి ఒక ముసలాయన. వాడు దొరికిండని చెప్తే సరేనని పెట్టెయ్యలె, అన్నం తిన్నడా అని అడిగిండు.