పల్లెలోనే ఉన్ని మిల్లు పెడితే గొర్రెల కాపరికి మిగిలేదెంత?

రాట్నం:
గొర్రె బొచ్చు పల్లెలో కత్తిరిస్తారు. అక్కడినుంచి బేళ్లలోకెక్కి సముద్రాలు దాటి, ఎక్కడో కడిగించుకుని, నూలై, చలికోటై తిరిగొస్తుంది. అంత ఉన్ని పండించే ఆస్ట్రేలియా కూడా ఎక్కువ భాగం జిడ్డుతో సహా చైనాకే పంపుతోంది. బ్రిటన్‌లో ముతక ఉన్ని గొర్రెలున్న చాలామందికి ఉన్ని అమ్మిన డబ్బు కత్తిరించినవాళ్ల కూలికే చాలడం లేదు. పోనీ అని కత్తిరించకుండా వదిలేద్దామా అంటే, ఈగలు వాలి గొర్రెకు పురుగు పడుతుంది. గొర్రెలున్న ప్రతి ప్రాంతంలో చిన్న మిల్లు పెట్టాలని నా వాదన. కాదనేవాళ్లున్నారా?

లెక్కలపుస్తకం:
నేనున్నాను. వడకడం గురించి అందరూ మాట్లాడతారు, కడగడం గురించి ఎవరూ మాట్లాడరు. 100 కిలోల పచ్చి ఉన్ని కడిగితే మిగిలేది రకాన్ని బట్టి 50 నుంచి 70 కిలోలు. 60 డిగ్రీల దరిదాపు వేడినీళ్లు, సబ్బు, వరసగా తొట్లు కావాలి. అంతా అయ్యాక ఆ నీళ్లను ఏం చేస్తారు? అందులో జిడ్డు, చెమట ఉప్పులు, మట్టి, పిడుదులకు కొట్టిన మందు ఉంటాయి. వాటిని శుద్ధి చేసే ఖర్చే చిన్న మిల్లు నడుం విరగ్గొడుతుంది. వాగులోకి వదిలితే ఊరివాళ్లే తాళం వేయిస్తారు. ఆస్ట్రేలియాలో ఒకప్పుడు కడిగే మిల్లులు చాలానే ఉండేవి, ఎక్కువ శాతం మూతపడ్డాయి. వాళ్లకు చేతకాక కాదు కదా.

రాట్నం:
అంటే కిరాయి కట్టి మట్టిని మోయించడమే లాభమంటారా? ఆ జిడ్డే లనోలిన్ పేరుతో క్రీముల్లోకి వెళ్తోంది, అదీ పోగొట్టుకుంటున్నాం.

లెక్కలపుస్తకం:
జిడ్డు తీయడానికి నీళ్లను గిర్రున తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్ కావాలి, దానికి రోజూ మేత ఉండాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు కత్తిరించే ఒక్క ప్రాంతం ఉన్నితో అది నడవదు. ఓడ కిరాయి మీరనుకున్నంత భారం కాదు, బేళ్లను గట్టిగా అదిమి పంపుతారు.

కదురు:
ఇద్దరూ మిల్లు దగ్గరే ఆగిపోయారు, కథ అంతకుముందే చెడుతోంది. నేను చేత్తో వడుకుతాను. మొన్నొక గొర్రె ఉన్ని మొత్తం చుట్ట తెప్పించుకుని విప్పాను. వీపు ఉన్ని బంగారం. దానితోపాటే పొట్ట కింది ముద్దలు, పెంటికలు అతుక్కున్న తోక కుచ్చులు, రెండోసారి కత్తెర పడిన పొట్టి ముక్కలు కలిపి చుట్టేశారు. ఆ పొట్టి ముక్కలే ఏకేటప్పుడు చిన్న ఉండలై నూలంతా మొటిమల్లా తేలతాయి. వీటన్నిటికంటే ఘోరం, బస్తా కట్టిన నీలం ప్లాస్టిక్ దారం! పోగులుగా చీలి ఉన్నిలో కలిసిపోయింది. సాయంత్రమంతా పట్టుకారుతో ఏరాను, అయినా రంగు వేశాక మూడు పోగులు కనబడ్డాయి. ఈ సరుకు చైనా వెళ్లినా, పక్క ఊరు వెళ్లినా ధర పడదు. సందులున్న బల్ల ఒకటి వేసి, కత్తిరించిన వెంటనే దాని మీద పరిచి, అంచులు తీసేసి, వీపు ఉన్ని వేరు, పొట్ట ఉన్ని వేరు చేయండి. మిల్లు సంగతి తర్వాత.

మందవెనక:
కదురు గారూ, చేశాం. మూడేళ్లు బల్ల వేసి వేరు చేశాం. కొనేవాడు వచ్చి రెండు బస్తాలూ ఒకే కాటా మీద వేసి ఒకే ధర ఇచ్చాడు. ఒక్క మంద వాడికి లెక్కలో లేదు. నలభై మందల ఉన్ని ఒకచోట చేరితేనే వాడు కూర్చుని మాట్లాడతాడు. బ్రిటన్ రైతులు 1950 నుంచి అలాగే ఒక బోర్డు కింద పోగేసి, గ్రేడు కట్టి, వేలానికి పెడుతున్నారు. అయినా ముతక ఉన్నికి గతి లేదన్నది నిజమే. ఐస్‌లాండ్‌ది వేరే దారి. 1991లో మొదలైన ఈస్టెక్స్ కంపెనీలో గొర్రెల రైతులకే వాటాలున్నాయి. వాళ్ల ముతక ఉన్నినే కడిగి, లోపి అనే నూలు చేసి, స్వెటర్లు అల్లేవాళ్లకు అమ్ముతున్నారు.

లెక్కలపుస్తకం:
ఐస్‌లాండ్ సంగతి ఒప్పుకుంటాను. కానీ గమనించండి, అక్కడ ఊరికో మిల్లు లేదు. దేశంలోని ఉన్ని దాదాపు అంతా ఒక్కచోటే కడుగుతారు.

రాట్నం:
సరే, నా మాట మార్చుకుంటున్నాను. కడగడం పదిమందికీ ఉమ్మడిగా ఒకచోట. ఏకడం, వడకడం పల్లెల్లో. పొట్టి పోగులతో వడికే లావు నూలుకు తొట్లు, కాలువలు అక్కర్లేదు, కరెంటూ మనుషులూ చాలు.

కదురు:
తోక కుచ్చులు అసలు కడగొద్దు. ఉన్నిలో నత్రజని ఉంది, నేలలో మెల్లగా కుళ్లుతుంది. గుళికలుగా నొక్కి ఎరువుగా అమ్ముతున్నవాళ్లున్నారు.

మందవెనక:
అన్నీ బాగున్నాయి. నాకు డబ్బు కత్తిరించిన రోజు కావాలి. కత్తిరించేవాళ్లు అప్పు ఉంచరు. మీ నూలు ఆరు నెలలకు అమ్ముడుపోతే అంతవరకూ నేనేం చేయను? దళారీ తక్కువిచ్చినా చేతిలో పెట్టి వెళ్తాడు.

రాట్నం:
గ్రేడు కట్టిన రోజే సగం, నూలు అమ్మాక మిగతాది ఇస్తే?

లెక్కలపుస్తకం:
ఆ సగానికి వడ్డీ ఎవరు కడతారో కూడా రాయండి.