తార్నాక వైపు స్కౌట్స్ ఓపెన్ యూనిట్ ఉందా?

బాబుకి 11 ఏళ్లు, వాళ్ల స్కూల్లో స్కౌట్ ట్రూప్ లేదు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో స్కూలుతో సంబంధం లేని ఓపెన్ యూనిట్లూ ఉంటాయి కదా, తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ వైపు ఆదివారాలు నడిచేది ఏదైనా ఉంటే చెప్పండి. సర్టిఫికెట్ కోసం ర్యాలీల్లో నిలబెట్టేది వద్దండి. ఆరు నుంచి ఎనిమిది మంది ఒక పెట్రోల్‌గా (చిన్న జట్టుగా) టెంటు వేసుకుని, వండుకుని, దిక్సూచితో దారి పట్టే క్యాంపులు కావాలి. అనంతగిరి కొండల్లో ఒక్క రాత్రయినా చాలు.

స్కౌట్స్‌లో మొదటి మెట్టయిన ప్రవేశ్ పరీక్ష కోసం తాడు ముడులు ఇంట్లోనే మొదలుపెట్టాడు. నైలాన్ తాడు నున్నగా ఉండి రీఫ్ నాట్ జారిపోతోంది, నూలు తాడైతే బిగుసుకుంటోంది. లావు తాడుకి సన్నతాడు కలపాలంటే మాత్రం షీట్ బెండ్ ముడే. మీ యూనిట్‌లో ఎంత మందం, ఎన్ని మీటర్ల తాడు తెమ్మంటారు? యూనిఫాం చేరేటప్పుడే కుట్టించాలా, ప్రతిజ్ఞకి ముందు కుట్టిస్తే సరిపోతుందా?