నమ్మడం, నమ్ముకోవడం: యాకోబు 2:19 దగ్గర ఒక సందేహం

ప్రశ్న: "నమ్మకం వేరు, విశ్వాసం వేరు" అని ప్రసంగాల్లో తరచూ వింటుంటాం. నమ్మకం బుర్రలో ఉండేదట, విశ్వాసం గుండెలో ఉండేదట. తెలుగులో నిజంగా ఆ తేడా ఉందా అండీ?

జవాబు: తెలుగు బైబిలు వాడుకలో ఆ గీత నిలవదండీ. యాకోబు 2:19 చూడండి: "దేవుడొక్కడే అని నీవు నమ్ముచున్నావు... దయ్యములును నమ్మి వణకుచున్నవి." యోహాను 3:16లో ఏమో "విశ్వాసముంచు ప్రతివాడును". గ్రీకులో రెండుచోట్లా ఉన్నది ఒకటే క్రియ, పిస్తెవో. పోనీ తక్కువరకానికి 'నమ్ము', పైరకానికి 'విశ్వాసము' వాడారనుకుందామంటే అబ్రాహాము గురించి చెప్పే ఆదికాండము 15:6 అడ్డొస్తుంది: "అతడు యెహోవాను నమ్మెను, ఆయన అది అతనికి నీతిగా ఎంచెను." రోమా 4లో పౌలు తన వాదమంతా నిలబెట్టింది ఈ 'నమ్మెను' మీదే.

నన్నడిగితే కిటుకంతా 'అని'లో ఉంది. దేవుడొక్కడే అని నమ్మడమంటే ఒక సంగతిని ఒప్పుకోవడం. అందులో దయ్యాలకు సందేహమే లేదు, పాపం వణుకుతున్నాయి కూడా! అబ్రాహాము దగ్గర 'అని' లేదు. పిల్లల్లేని ముసలితనంలో, నక్షత్రాలు చూపించి సంతానమిస్తానన్నవాణ్ణే నమ్మాడు.

వాడుక భాషలో ఇంతకంటే మంచి మాట ఉంది: నమ్ముకోవడం. "దయ్యాలున్నాయని నమ్ముతాను" అనేవాళ్ళు బోలెడుమంది. "దయ్యాలను నమ్ముకున్నాను" అని ఎవరూ అనరు. "ఈ రెండెకరాలనే నమ్ముకున్నాం" అని రైతు అంటే, పొలం ఉందని చెప్పడం లేదు, పంట పోతే తనకు వేరే దారి లేదంటున్నాడు. మన ఊళ్ళలో ఎవరైనా క్రైస్తవంలోకి వస్తే "వాళ్ళు ప్రభువును నమ్ముకున్నారు" అనే అంటారు కదా. ప్రొటెస్టెంటు వేదాంతులు విశ్వాసంలో మూడు చూస్తారు: తెలుసుకోవడం, ఒప్పుకోవడం, ఆనుకోవడం. మూడోదాన్ని లాటిన్‌లో ఫిడూషియా అంటారు. దానికి 'నమ్ముకోవడం' కంటే దగ్గరి మాట నాకు తోచలేదు.

మరొకరు: బాగుంది గానీ, కీర్తన 118:8 మాటేమిటి? "మనుష్యులను నమ్ముకొనుటకంటె యెహోవాను ఆశ్రయించుట మేలు." మీ మాట అక్కడ మనుషులకే పోయింది!

జవాబు: పోయింది, ఒప్పుకుంటా. హీబ్రూలో అక్కడ రెండు వేర్వేరు క్రియలున్నాయి, అందుకే తెలుగులోనూ రెండొచ్చాయి. అయినా నమ్ముకోవడమంటే బరువు మోపడమే, ఎవరి మీద మోపామన్నది తర్వాతి మాట. నాకు ఇంతకంటే చిక్కుగా అనిపించేది యోహాను 2:23, 24. జనం సూచక క్రియలు (అద్భుతాలు) చూసి "ఆయన నామమందు విశ్వాసముంచిరి", అయితే యేసు "తన్ను వారి వశము చేసికొనలేదు". గ్రీకులో ఈ రెండూ ఒకే పిస్తెవో. వాళ్ళు ఆయన్ను నమ్మారు, ఆయన వాళ్ళను నమ్మలేదు అన్నట్టుంటుంది. తెలుగులో ఆ చమత్కారం జారిపోయింది. ఇక్కడ 'అని' కూడా లేదు కాబట్టి, నా సూత్రం అన్నిచోట్లా పనిచెయ్యదన్నమాట.

ఇంకొకరు: కుక్కకున్న విశ్వాసం మర్చిపోయారు! గలతీ 5:22 ఆత్మఫలాల్లో 'విశ్వాసము' ఉంది. అక్కడ చాలామంది నమ్మదగినతనం అనే అర్థమే చెబుతారు. అక్కడి గ్రీకు మాట పిస్తిస్‌కు (పిస్తెవోకు నామవాచకం) ఆ అర్థమూ ఉంది, మన 'విశ్వాసం'కూ ఉంది. అక్కడ మాత్రం అనువాదకులు కష్టపడక్కర్లేకపోయింది.