తిత్లీ ఫొటోలో మా మామ్మ: అడగకుండా గోడకు పెట్టొచ్చా?

ఉద్దానం_పిల్ల:
శ్రీకాకుళంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. నిన్న మా క్లాసంతా ఫొటో ఎగ్జిబిషన్‌కి వెళ్లాం. తేలినీలాపురం పక్షులు, పొందూరు రాట్నాలు చూసుకుంటూ వెళ్తుంటే తిత్లీ తుఫాను వరసలో మా మామ్మ కనిపించింది. 2018 అక్టోబరు 11న తెల్లారాక తీసిన ఫొటో. కూలిన కొబ్బరిచెట్టు మీద కూర్చుని ఉంది. ఒక కాలికే చెప్పు, కోక చెంగంతా బురద. కింద చీటీ మీద "తుఫాను బాధితురాలు, ఉద్దానం" అని, ఆ కింద తీసినాయన పేరు. ఇంటికి ఫోన్ చేస్తే, ఎవరో ఫొటో తీసినట్టే తెలీదంది మామ్మ. తనకి చూపిద్దామని ఫోన్‌తో తీయబోతే అక్కడున్నాయన అందరి ముందూ కేకలేశాడు. మనిషిని అడగకుండా ఇలా పెట్టొచ్చా?

కోట_కెమెరా:
విజయనగరంలో 22 ఏళ్లుగా ఇదే నా వృత్తి. విపత్తులో ఒక్కొక్కరినీ అడుగుతూ కూర్చుంటే ఆ క్షణం దొరకదమ్మా. 1984లో భోపాల్‌లో గ్యాస్ ప్రమాదంలో పోయిన పసిబిడ్డని పూడుస్తుండగా రఘు రాయ్ తీసిన ఫొటో లోకాన్ని కదిలించింది. అక్కడ ఎవరిని అడగాలి? 1957 కాపీరైట్ చట్టం చూసినా ఫొటో మీద హక్కు మామూలుగా తీసినవాడిదే.

నాగావళి_గట్టు:
ఇంతకీ హాల్లో ఫోన్లు వాడొద్దని బోర్డు ఉందా లేదా?

ఉద్దానం_పిల్ల:
భోపాల్ బిడ్డని అడగలేరు సార్. మా మామ్మ బతికే ఉంది. పైగా అది వీధి కాదు, మా సొంత తోట.

కోట_కెమెరా:
ఆ ఫొటోలు వచ్చాకే కదా మీ బాధ బయటివాళ్లకి తెలిసింది! మా కష్టం మీకేం తెలుసు? ఒక ఏడాది పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి తెల్లవారుజామునే మేడెక్కి, సాయంత్రం దాకా ఎండలో నిలబడి ఒక్క ఫొటో తీశాను. ఒక పత్రిక నా పేరు లేకుండా అచ్చేసింది. రెండు రోజులు అన్నం సహించలేదు.

నాగావళి_గట్టు:
బోర్డు ఉంటే మాత్రం ఆ అమ్మాయిదే తప్పు.

జీడితోట_రైతు:
బోర్డు గొడవ ఆపు బాబూ. ఉద్దానం కిడ్నీ జబ్బుతో మా నాన్న డయాలసిస్ మంచం మీద ఉంటే ముగ్గురొచ్చి ఫొటోలు తీశారు. ఒక్కరూ పేరడగలేదు. తిత్లీకి పోయిన కొబ్బరి బదులు వేసిన మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ఇప్పుడు మా తోటలో గెలలు దిగుతున్నాయి. ఒక్క కెమెరా వచ్చిందా? ఉద్దానం అంటే ఏడుపు మొహాలేనా మీకు?

కోట_కెమెరా:
నన్నంటారేం? మీ ఊరికొచ్చింది నేను కాదు! ఇలా కేసు పెట్టేలా మాట్లాడితే రేపు తుఫానొస్తే కెమెరా పట్టుకుని ఎవరూ రారు. అప్పుడు సాయం కూడా రాదు.

ఉద్దానం_పిల్ల:
సార్, ఫొటో తీయొద్దని నేనెప్పుడన్నాను? అసలు ఆ ఫొటో బాగుంది. మామ్మ చేతి నరాలు కూడా కనిపిస్తున్నాయి. అక్కడే నిలబడి ఏడ్చాను. కానీ మీ ఫొటో కింద మీ పేరు లేకపోతే మీకు అన్నం సహించలేదు. మా మామ్మ మొహం కింద మా మామ్మ పేరు లేదు. నా కడుపు రగిలింది అక్కడే. నలభై చెట్లు తన చేత్తో నాటి పెంచిన మనిషి, "బాధితురాలు" అయిపోయింది.

జీడితోట_రైతు:
అదీ మాట, తల్లీ.

కోట_కెమెరా:
చీటీ సంగతి ఒప్పుకుంటాను. పేరు అడిగి రాయాల్సింది. నేనూ చాలాసార్లు రాయలేదు. తీసేముందు అనుమతి అడగాలంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

నాగావళి_గట్టు:
బోర్డు గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఉద్దానం_పిల్ల:
బోర్డు లేదండీ, చూశాను. రాత్రి మామ్మతో మళ్లీ మాట్లాడాను. "రెండో చెప్పు ఆ చెట్టు కిందే ఉండిపోయిందే, అది పడిందా ఫొటోలో?" అని అడిగింది. ఆదివారం దాకా ఎగ్జిబిషన్ ఉంది. శనివారం మొదటి బస్సుకి తీసుకొస్తున్నాను. ఫొటో ఉంచాలో తీసెయ్యాలో చూశాక తనే చెప్తుందట.